అత్త పడిపోయే ముందు

మా నాయన మూడుసార్లు పడ్డాడు. మొదటిసారి చేలో, మోటారు స్టార్టరు పెట్టె దగ్గర. భుజం ఎముక విరిగింది. రెండోసారి ఇంటి వాకిట్లో. మోచెయ్యి. మూడోసారి పుత్తూరు బస్టాండులోనే పడ్డాడు. మెడ కింది ఎముక. కట్టు కట్టించుకోవడానికి దూరం పోయే పని లేకుండా పడ్డానని తనే నవ్వాడు. నాలుగోసారి పడినప్పుడు ఎముకేదీ విరగలేదు. లేవలేదు, అంతే.

మా వైపు ఎవరైనా పడ్డారంటే పుత్తూరు. అందులో ఆలోచించేదేమీ ఉండదు. చెయ్యో కాలో పట్టి చూసి, లాగి సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కడతారు. తమిళనాడు నుంచి కూడా వ్యాన్లు కట్టుకుని వస్తారు. నాయన ఎముకలు మూడూ వంకర లేకుండా అతుక్కున్నాయి. ఆ కట్టు వాసన ఇంట్లో వారాల తరబడి ఉండేది. ఆయన పోయాక కూడా ఒక దిండుకు ఉండింది. ఎందుకు పడ్డావని మాత్రం ఎవరూ ఆయన్ని అడగలేదు. కాలు జారింది, ఎండ తగిలింది, ఒంట్లో నెత్తురు తక్కువ. ఇవన్నీ మేమే చెప్పుకున్నాం.

చూడటానికి వచ్చినవాళ్ళు పుణ్యాత్ముడన్నారు. మంచాన పడి ఎవరిచేతా చేయించుకోకుండా పోయినాడన్నారు. ఆ మాట నాకు కొన్నాళ్ళు పనికొచ్చింది. తరువాత పనికిరాకుండా పోయింది.

సంవత్సరీకం అయిపోయిన కొన్నాళ్ళకు అత్త పడింది.

అత్త అంటే నాయన చెల్లెలు. పుత్తూరుకు దగ్గరి పల్లెలో, నాయన ఇంటికి గోడ అవతల ఉంటుంది. మామ పోయి చాలా కాలమైంది. కొడుకు నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోతాడు. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తాను, వీలైన ఆదివారాలు పోయి వస్తాను. అత్త మోకాలు దెబ్బతింటే కొడుకు బండి మీద పుత్తూరు తీసుకుపోయి కట్టించాడు. అది మానేలోపలే ఇంకోసారి పడింది. ఈసారి భుజం. మళ్ళీ అదే దారి.

ఆ ఆదివారం నేను పోయేసరికి కట్టు భుజాన్ని వాకిట్లో ఎండకు పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కన చోటు చూపించింది. నేను అడగకుండానే చెప్పింది.

“పడే ముందర మీ నాయన కనిపిస్తా ఉండాడు పాపా.”

మొదట చప్పుళ్ళు పోతాయట. కోళ్ళ అరుపు, పక్కింట్లో టీవీ, అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అప్పుడు అన్న ఉంటాడు. భుజాన తువ్వాలతో, గట్టు మీద నిలబడినట్టు. మాట్లాడడు. తరువాత తను నేల మీద ఉంటుంది. రెండుసార్లూ ఇలాగే జరిగిందని చెప్పింది. భయంగా చెప్పలేదు. పొద్దున అన్న వచ్చి కాఫీ తాగిపోయాడని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నాకు ముందు కలిగింది అసూయ. ఆయన పోయినప్పటి నుంచి నాకు కలలోకైనా రాలేదు. ఆయన చొక్కా ఒకటి తెచ్చుకుని బీరువాలో పెట్టుకున్నాను. ఆయన ఫోను చార్జింగు పెట్టి ఉంచాను. ఏమీ లేదు. వాసన కూడా పోయింది.

చచ్చిపోయినవాళ్ళు కనిపిస్తున్నారంటే ఏదో అడగడానికి వస్తున్నారని మా వాళ్ళ నమ్మకం. కాబట్టి అత్త ఆయనకు పెట్టడం మొదలుపెట్టింది. కొత్త పంచె, తువ్వాలు పెట్టింది. సంగటి, నాటుకోడి కూర చేసి ఆకులో వడ్డించింది. ఆయన తాగే చుట్టలు పక్కన పెట్టింది. కాకి ముట్టింది. అయినా ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి ఆమె పడేంతసేపు ఉండలేదు. పెట్టినదాంట్లో ఏదో లోపముందని ఆమె అనుకుంది. ఏమి కావాలో నోరు తెరిచి చెప్పడు గదా, బతికినప్పుడూ అంతే, ఉప్పు చాలకపోయినా చెప్పకుండా తినేవాడని నా దగ్గర ఆయన్ని తిట్టింది.

అలా ఆమె పడటాన్ని మేము రెండుగా పంచాం. విరిగిన ఎముక పుత్తూరుకు పోయింది. పడటానికి కారణం నాయనకు పోయింది. గుండె గురించి ఆలోచించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

మూడోసారి పొయ్యి దగ్గర పడింది. ఎముక విరగలేదు, దవడ చీలింది. కట్టు కట్టేవాళ్ళకు అందులో పని లేదు కాబట్టి కొడుకు తిరుపతి తీసుకొచ్చాడు. కుట్లు వేసిన డాక్టరు ఆమె చేతులు తిప్పి చూశాడు. జారి పడేవాళ్ళు చేతులు ముందుకు చాపుతారు, ఈమె చేతులకు గీత కూడా లేదు, పడేటప్పటికే తెలివి లేదు అన్నాడు. గుండె డాక్టరుకు చూపించమని రాసిచ్చాడు.

గుండె విభాగం ముందు చాలాసేపు కూర్చున్నాం. అత్త ఎక్కడ కూర్చున్నా పక్కవాళ్ళ కథలన్నీ రాబడుతుంది. ఒక పెద్దాయనకు గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయట. నాడి ఒక వరుసలో ఉండదు. అలా ఉంటే లోపల నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోయే ప్రమాదముందని పలచన చేసే మాత్రలు ఇచ్చారు. మాత్ర మానేసిన వారంలోనే మూతి వంకర పోయిందని, ఇప్పుడు దేవుణ్ణి మరిచినా మాత్ర మరవనని చెప్పాడు. డిగ్రీ చదివే పిల్లకు ఉన్నట్టుండి గుండె పరుగెత్తుతుంది, ఎలా మొదలైందో అలాగే టక్కున ఆగిపోతుంది. మధ్యమధ్య ఒక దెబ్బ తప్పినట్టుంటుందని వచ్చిన ఒకామెకు అది ముందుగా పడిన దెబ్బేననీ, ఆమె విషయంలో భయం లేదనీ చెప్పి పంపేశారు. ఆమె నమ్మినట్టు లేదు. ఎడమ చేత్తో కుడిచేతి నాడి పట్టుకునే మెట్లు దిగింది.

అత్తకు తీసిన ఈసీజీలో చిన్న తేడా కనిపించింది, అంతే. అందుకని ఒంటికి తీగలు అంటించి, నడుముకు చిన్న పెట్టె తగిలించి ఒక రోజు ఉంచుకోమన్నారు. ఇంట్లో ఎప్పుడూ చేసే పనులే చేయమన్నారు. తిరుపతిలో మా ఇంట్లో ఆమెకు పనేముంది. డబ్బాలో ఉన్న చింతపండంతా ముందేసుకుని పిక్కలు తీస్తూ కూర్చుంది. ఆ పనిలో ఉండగానే ఒకసారి చెయ్యి ఆగింది. మాటా ఆగింది. నేను పిలిచేలోపల మళ్ళీ పిక్క తీసింది. మరునాడు ఆ పెట్టెలో చూస్తే సరిగ్గా ఆ నిమిషం దగ్గర కొన్ని గుండె దెబ్బలు లేవు.

డాక్టరు నాకంటే చాలా చిన్నది. కాగితం మీద గుండె గీసి చూపించింది. పైన రెండు గదులు, కింద రెండు. కుడివైపు పై గదిలో ఒక మూల కొన్ని కణాలుంటాయి, అవి వాటంతట అవే సన్నటి విద్యుత్తు పుట్టిస్తాయి, దానికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు అంది. అది పాకినప్పుడు పై గదులు ముడుచుకుని నెత్తురును కిందికి తోస్తాయి. నడుమ ఒకచోట ఆ విద్యుత్తు కాస్త ఆగుతుంది. కింది గదులు నిండడానికి ఆ వ్యవధి కావాలి. తరువాత అది కిందికి దిగుతుంది, కింది గదులు ముడుచుకుని నెత్తురును ఒంటికి పంపుతాయి. మనం చేతి మణికట్టు దగ్గర పట్టుకుని చూసేది దాన్నే. అత్తకు పైనుంచి కిందికి దిగే ఆ దారి చెడింది. మామూలుగా దాటుతుంది, ఉన్నట్టుండి దాటదు. పై గదులు కొట్టుకుంటూనే ఉంటాయి, కిందివాటికి కబురు అందదు. మెదడుకు నెత్తురు పోదు, మనిషి పడిపోతుంది. దారి మళ్ళీ తెరుచుకుంటే లేస్తుంది. తెరుచుకోకపోతే లేవదు.

ఇంట్లో ఇంకెవరైనా ఇలా పడ్డారా అని అడిగింది. నాయన గురించి చెప్పాను. అప్పుడు ఎక్కడ చూపించారని అడిగింది. పుత్తూరు అన్నాను. ఆమె కలం ఒక క్షణం ఆగింది. ఆయనదీ ఇదే అయి ఉండొచ్చు, కాకపోవచ్చు, వయసు మీద పడితే చాలామందికి వస్తుంది, ఇప్పుడు చెప్పలేం అంది. అది నిజమే. అప్పటి నుంచి నాకు మిగిలింది ఆ చెప్పలేకపోవడమే.

మందులతో తగ్గేది కాదు, పేస్‌మేకర్ పెట్టాలి అంది. మెడ ఎముక కింద చర్మం లోపల చిన్న పెట్టె, దాన్నుంచి గుండెలోకి తీగలు. గుండె తనంతట తాను కొట్టుకుంటే ఆ పెట్టె ఊరకే ఉంటుంది. ఆగితే వెంటనే తడుతుంది. పెట్టకపోతే ఈసారి పడినప్పుడు లేస్తుందని మాట ఇవ్వలేనంది.

వార్డులో చేర్చుకున్నారు గానీ అత్త వద్దంది. కొడుకు ఫోనులో కోపపడ్డాడు, తరువాత వచ్చి బతిమాలాడు. కత్తికి భయపడుతోందనుకున్నాడు. వార్డులో మంచం మీద, ఛాతీకి తీగలతో, ఆమె పైకప్పు చూస్తూ పడుకుంది. కొడుకు మందులు తేవడానికి కిందికి పోయినప్పుడు నన్ను అడిగింది.

“ఆ మిషను పెడితే మీ నాయన ఇంగ రాడు గదా?”

అబద్ధం చెబితే సరిపోయేది. ఆమె అడిగిన తీరుకు నోరు రాలేదు.

“రాడనుకుంటా అత్తా.”

“నీకెప్పుడన్నా కనిపించినాడా?”

“లేదు.”

“అయితే నీకు పోయేదేముండాది,” అంది.

డాక్టరుకు కూడా అదే ప్రశ్న వేసింది. ఆ అమ్మాయి నవ్వలేదు. మీరు పడిపోరని మాత్రం నేను చెప్పగలను అవ్వా, మిగతాది నాకు తెలియదు అంది. అత్తకు ఆ జవాబు నచ్చినట్టుంది. అయినా తల అడ్డంగానే ఊపింది.

మరునాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాను. అత్త తన కొడుకు పెళ్ళి సంబంధం గురించి చెబుతోంది. పిల్లది చిత్తూరు, చదువుకున్నది, వాళ్ళమ్మకే నోరెక్కువ అంటూ మాట మధ్యలో ఆగింది. తల పైకెత్తి చూశాను. ఆమె కళ్ళు నా భుజం మీదుగా వెనక ఎక్కడో నిలిచి ఉన్నాయి. మంచం పైన ఉన్న తెర మీద చిన్న బొడిపెలు వరుసగా పోతున్నాయి. వాటి వెనక రావలసిన పెద్ద గీత రాలేదు. ఇంకో బొడిపె వచ్చింది. గీత రాలేదు. యంత్రం కూత పెట్టింది. నర్సు అవతలి మంచం నుంచి పరుగెత్తుకొచ్చింది.

అప్పుడు నేను చేయవలసింది అత్తను పట్టుకోవడం. నేను వెనక్కి తిరిగి చూశాను.

గోడ, ఖాళీ మంచం, సెలైను స్టాండు.

మళ్ళీ ఇటు తిరిగేసరికి తెర మీద గీత లేచింది. అత్త ముఖంలోకి నెత్తురు వచ్చింది. నర్సు ఏవో ప్రశ్నలడిగింది, డాక్టరును పిలవడానికి పోయింది. అత్త నా వైపు చూసి, నేను తిరిగి చూసినట్టు తనకు తెలుసన్నట్టు, చాలా మెల్లగా చెప్పింది.

“పోతా ఉండాడు పాపా. ఈసారి ఈపు కనిపించింది.”

నేను బత్తాయి పక్కన పెట్టాను.

“పిలవలా. ఏమీ అడగలా. ఆయన పాటికి ఆయన పోతా ఉంటే నేనే ఎంట పడతా ఉండా. సిన్నప్పుడూ అంతే. సేనికి ఎంటపడితే మట్టిపెళ్ళ తీసుకుని ఎగేసేవోడు, ఇంటికి పోవే అని.” కాసేపు ఊపిరి పీల్చుకుంది. “డాక్టరమ్మకు సెప్పు. పెట్టేయమను.”

మరునాడే పెట్టారు. కొడుకు బయట వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. నేను కూర్చున్నాను. లోపల జరుగుతున్నది ఆమె ప్రాణం నిలబెట్టడమే. నేను కోరుకున్నదీ అదే. దాంతోపాటు ఒక తలుపు మూయిస్తున్నానని కూడా నాకు తెలుసు. రెండూ నిజమే, ఒకదాన్ని ఒకటి తగ్గించలేదు.

అత్త ఆ తరువాత పడలేదు. పల్లెకు పోయింది. కొడుకు పెళ్ళి జరిగింది. వియ్యపురాలి నోరు గురించి తను అనుకున్నదే నిజమైందని సంతోషంగా ఉంది. ఫోను చేస్తే ముందుగా పడలేదులే అని చెబుతుంది, తరువాత మిగతా సంగతులు. నాయన ఊసు రాదు. నాకు ఆలస్యంగా అర్థమైనది ఒకటుంది. ఆయన గురించి కొత్త సంగతి చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. ఇవాళ తువ్వాలు వేసుకున్నాడు, గట్టు మీద ఉన్నాడు, వీపు కనిపించింది. ఇప్పుడు ఆమె దగ్గర కూడా పాత సంగతులే ఉన్నాయి.

పోయిన నెల ఆ పెట్టెను పరీక్ష చేయించడానికి తీసుకొచ్చాను. యంత్రం దగ్గర ఉన్న అమ్మాయి అరచేతిలో పట్టేంత వస్తువొకటి అత్త భుజం కింద ఆనించి తెర వైపు చూసింది. అంతా సరిగ్గా ఉందంది. లోపల మీ సొంత దెబ్బ ఎంతుందో చూడాలి, కొంచెంసేపు దీన్ని తగ్గిస్తాను, కళ్ళు తిరిగినట్టుంటే చెప్పమంది. ఏదో నొక్కింది. తెర మీద గీతల మధ్య దూరం పెరిగింది. ఇంకా పెరిగింది.

అత్త తల ఎత్తి తలుపు వైపు చూసింది. అక్కడ ఆకుపచ్చ గుడ్డ తెర ఒకటి వేలాడుతోందని నాకు తెలుసు. ఈసారి నేను అటు చూడలేదు. ఆమె ముఖమే చూశాను. ముఖంలో మార్పేమీ లేదు. కళ్ళు మాత్రం ఒకచోట నిలిచాయి.

అమ్మాయి మళ్ళీ నొక్కింది. గీతలు దగ్గరయ్యాయి.

“అంతేనా?” అంది అత్త.

“అంతే అవ్వా. బాగుండాది.”

“ఇంకా రవంత సేపు అట్లనే పెట్టి ఉండకూడదా తల్లీ?”

అట్లనే పెడితే పడిపోతావవ్వా అని ఆ అమ్మాయి నవ్వింది. అత్త కూడా నవ్వి, కొంగు భుజం మీదికి సర్దుకుంది. మళ్ళీ ఎప్పుడు రావాలని అడిగింది. ఆరు నెలలకని చెప్పారు.

ఆస్పత్రి మెట్లు దిగుతూ అత్త వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటోంది. తనకు మతిమరుపు కదా, ఆ నెల వస్తానే గుర్తు చేయమని నాకు చెప్పింది. నేను అప్పటికే లెక్కపెట్టుకుని ఉన్నాను.