అత్త తడిపిన మాస్కు

కరోనా రెండోసారి వచ్చిన ఆ వేసవిలో నాకు ఏడో నెల. ఉద్యోగం, ఒక తెలుగు పత్రికకు కోలారు జిల్లా విలేకరి. ఈ రెండూ ఒకే మనిషికి జరగడం మా డెస్కు వాళ్లకు కలిసొచ్చింది. గర్భిణులు ఎండల్లో ఇబ్బంది లేకుండా మాస్కు ఎలా పెట్టుకోవాలో చిన్న వార్త రాసి పంపమన్నారు. నీకైతే అనుభవం కూడా ఉంటుంది కదా అన్నారు.

రాశాను. పలుచని నూలు గుడ్డ వాడాలి. చెవుల మీద లాగకుండా వెనక ముడి వేసుకోవాలి. చెమటకు తడిస్తే వెంటనే పొడిది మార్చుకోవాలి. ఆయాసం వస్తే జనానికి దూరంగా నీడకు వెళ్లి, మాస్కు దించి, నిదానంగా ఊపిరి తీసుకోవాలి. డాక్టరమ్మకు ఫోను చేసి ప్రతి వాక్యం సరిచూసుకున్నాను. ఇదంతా రాసేటప్పుడు నేను ఇంట్లో ఫ్యాను కింద, మాస్కు లేకుండా కూర్చుని ఉన్నాను. సలహాలు చాలావరకు అలాంటి చోటనే పుడతాయి.

మాది కోలారు బంగారు గనుల్లోని కోరమండల్‌లో, గని కార్మికుల కోసం వరసగా కట్టిన పాత లైనిళ్లలో ఒకటి. రేకుల కప్పు. నేను బైరకూరులో మామిడి తోటల మధ్య పెరిగినదాన్ని, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. ఆ నెలల్లో మా ఆయన ఉద్యోగం పేరున బెంగళూరులో చిక్కుకుపోయాడు. ఇంట్లో నేనూ మా అత్తా. మామ గనిలో పని చేసి, అది మూతపడ్డాక కొన్నాళ్లకు పోయాడు.

బయటివాళ్లకు ఇక్కడి ఒక అలవాటు చెప్పాలి. గని మట్టిని మిల్లులో ఆడించి, సైనైడుతో బంగారం తీసేశాక పోసిన గుట్టలు మా ఇళ్ల వెనకే ఉంటాయి. సైనైడ్ గుట్టలంటాం. వేసవి గాలికి వాటి పొడి లేస్తుంది. గాలి మొదలవగానే లైన్లలో ఆడవాళ్లు కిటికీలకు తడిగుడ్డలు కడతారు, పిల్లల ముక్కులకు తడి రుమాలు చుడతారు. గనిలోకి దిగిన మగవాళ్లు కూడా తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకునేవాళ్లట. దీన్ని ఎవరూ వైద్యమనుకోరు. పడుకునే ముందు తలుపు గడియ వేసినట్టు చేసే పని. అందుకని మాస్కు వచ్చినప్పుడు మా అత్త దాన్ని చూసి ఆశ్చర్యపోలేదు. తడపడం మరిచిపోయిన తువ్వాలు అనుకుంది, అంతే.

రోజూ నేను బయలుదేరే ముందు నా మాస్కును కుండనీళ్లలో ముంచి, పిండి, చేతికిచ్చేది. కట్టుకోగానే హాయిగానే ఉండేది. ఆ హాయి వీధి చివరిదాకా వచ్చేది. అక్కడినుంచి ఊపిరి పీల్చినప్పుడల్లా గుడ్డ ముక్కు రంధ్రాలకు అతుక్కునేది. లోపలినుంచి ఒకరు అప్పటికే ఊపిరితిత్తులను పైకి తోస్తున్న నెలలవి. ఒకరోజు చెప్పి చూశాను.

“అత్తా, తడిస్తే ఊపిరాడదంట. డాక్టర్లే చెప్తా ఉండారు.”

“డాక్టర్లు లోపలికి యాడ దిగినారు? మీ మామ దిగినాడు. ఆ వేడిలో, ఆ దుమ్ములో, తడిగుడ్డతోనే షిఫ్టు చేసినాడు.”

ఆ మామే చివరికి పడుకోలేక, గోడకు ఆనుకుని దగ్గుతూ పోయాడు. నేను ఆ మాట అనలేదు. తనే అంది.

“కడాకు ఏమయిందో నాకు తెలుసులేమ్మా. గని బంద్ అయ్యే ముందర ఆయనకు గుడ్డ తడిపే ఓపిక లేకపాయె. ఎండుదే కట్టుకొని పోతా ఉండె. అందుకే అట్లయింది.”

ఆ తర్వాత డాక్టర్ల పేరెత్తడం నా వల్ల కాలేదు. సందు తిరిగాక తడిది తీసేసి, సంచిలోంచి పొడిది కట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. పత్రికలో సగం రాష్ట్రానికి సలహా చెప్పిన మనిషి ఇంట్లో ఒక్కరికి చెప్పలేక సందు మలుపును ఆశ్రయించింది.

చిక్కల్లా స్కానింగ్ రోజున వచ్చింది. కిందటిసారి డాక్టరమ్మ బిడ్డ బరువు తక్కువగా ఉందని చెప్పి, ఈసారి పెరుగుదల కనిపించకపోతే ముందుగానే కాన్పు చేయాల్సి రావచ్చన్నది. ఆ స్కానింగ్ తప్పిపోతుందేమోనన్నదే నా దిగులంతా. నర్సింగ్ హోమ్ గేటు దగ్గర వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసేవాళ్లు. ఆయాసపడేవాళ్లను పక్కనున్న జ్వరాల షెడ్డుకు పంపేవాళ్లు. షెడ్డులోకి వెళితే కరోనా పరీక్ష, దాని ఫలితం వచ్చేదాకా స్కానింగ్ లేదు. పైగా నిజంగా జబ్బు చేసినవాళ్ల మధ్య కూర్చోవాలి. అంటే ఆ గేటు దాటేదాకా నేను మామూలుగా ఊపిరి తీసుకోవాలి. అదొక్కటే పని.

ఆ రోజు తోడుగా అత్త వచ్చింది. సందు మలుపులో నాకు ఏకాంతం దొరకలేదు. ఆటోలో ఆమె ఒడిలో నీళ్ల సీసా ఉంది, తాగడానికి కాదు. ఎండకు మాస్కు ఆరినట్టు అనిపించినప్పుడల్లా చేతిలో పోసుకుని నా మూతి మీద చిలకరించింది. ఆటో అతను అద్దంలో చూశాడు.

“ఏమవ్వా, మాస్కుకు నీళ్లు పోస్తా ఉండావు, మొలకెత్తాల్నా?”

“నువ్వు గడ్డానికి కట్టినావు గదప్పా. దగ్గొచ్చింది గడ్డానికా?”

అతను మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. ఆ ప్రయాణంలో మాస్కు గురించి ఇచ్చిన సలహా పనిచేసింది ఆ ఒక్కసారే.

గేటు దగ్గర నిలబడేసరికి నా భుజాలు లేచి పడుతున్నాయి. సిస్టరు నుదుటికి గన్ను పెట్టింది. జ్వరం లేదు. క్లిప్పు పెట్టి నా వంక చూసింది.

“ఆయాసం ఎన్ని దినాల్నుంచి ఉండాదమ్మా?”

“ఇప్పుడే… ఎండకు…”

“అందరూ ఇట్లే చెప్తారు. షెడ్డుకు పోండి.”

వివరంగా చెప్పబోయాను. చెప్పేకొద్దీ రొప్పు ఎక్కువైంది. ఇతరుల చేత మాట్లాడించి బతికే నాకు ఒక వాక్యం పూర్తి కాలేదు. అప్పుడు అత్త ముందుకొచ్చింది.

“ఆయమ్మకు దగ్గు లేదు, ఏమీ లేదు సిస్టరమ్మా. మాస్కు గూడా నేనే తడిపి కట్టినా. ఒక్క నిముసం ఆరనీలేదు.”

“ఏమి చేసినారు?”

“తడిపినా.”

సిస్టరు గ్లౌజు వేలితో నా మాస్కు నొక్కింది. ఒక నీటి బొట్టు గడ్డం మీదికి జారింది.

“దుమ్ముకు కట్టినారా అవ్వా, కరోనాకు కట్టినారా?”

“రెండిటికీ.”

సిస్టరు నవ్వలేదు. నన్ను దూరంగా కానుగ చెట్టు కింద బెంచీ మీద కూర్చోమని, మాస్కు తీసేయించి, పొడిది ఒకటి తెచ్చి పక్కన పెట్టింది. ఊపిరి కుదిరాక కట్టుకొని రమ్మంది. అత్త తడి మాస్కును పిండింది. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని, చివరికి నా మెడ వెనక వేసింది. నిజం చెప్పాలంటే, ఆ పొద్దుటినుంచి నాకు సుఖం తెలిసింది అప్పుడే.

వెళ్లబోతున్న సిస్టరును అత్త ఆపింది.

“అయితే తడిగుడ్డ కడితే ఊపిరాడదా సిస్టరమ్మా?”

అడిగింది నా గురించి కాదని నాకు తెలుసు. సిస్టరుకు తెలియదు. గేటు దగ్గర మనుషులు పెరుగుతున్నారు. అయినా ఆమె ఆగి, అత్త ముఖం చూసి చెప్పింది.

“దుమ్ముకు మంచిదే అవ్వా. దీనికి పొడిదే కట్టల్ల.”

అత్త తల ఊపింది.

రెండోసారి క్లిప్పు పెట్టినప్పుడు సిస్టరు చెయ్యి లోపలికి చూపించింది. డాక్టరమ్మ పొట్ట మీద యంత్రం ఆనించి చాలాసేపు కొలతలు తీసింది. నేను పొడి మాస్కులో కూడా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. బరువు పెరిగింది, ఇప్పుడు తొందరపడాల్సిన పని లేదు అంది.

బయటికొస్తే బెంచీ అవతలి చివర ఇంకో గర్భిణి కూర్చుని చెమట తుడుచుకుంటోంది. అత్త ఆమెతో మాటల్లో ఉంది. నన్ను చూసి లేచింది.

“ఏమన్నారు?”

“బరువు పెరిగిందంట అత్తా. భయం లేదంట.”

“స్తోత్రం,” అని కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత సగంలో వదిలిన మాట పూర్తి చేయడానికి ఆ అమ్మాయి వైపు తిరిగింది.

“చూసినావా, నా కోడలికి ఏమీ కాలేదు. నీళ్లలో ముంచి మెడకు కట్టుకోమ్మా. మూతికి కడితే ఊపిరి యాడ ఆడతాది?”