మాగ్నం అంటే ఏమిటో చెప్పిన రోజు

ఆ రోజుల్లో ఆడపిల్ల గొంతు ముందు గదిలోకి వినపడకపోతే అది మంచి లక్షణమనుకునేవారు. నాకు ఆ లక్షణం మరీ ఎక్కువ. బడిలో హాజరు పలికినా పక్క పిల్లకు వినపడేది కాదు. మా బాపు బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నన్ను మెట్రిక్ చదువుకని ఆదిలాబాద్‌లో చిన్నాయన ఇంట్లో ఉంచాడు. చిన్నాయనకు తుపాకుల దుకాణం ఉండేది. అమ్మకమూ మరమ్మతూ అక్కడే, మా కాపురం పరదా వెనక గదిలోనే. ఎవరైనా వస్తే నేను ఆ పరదా దాటేదాన్ని కాదు. తుపాకి నూనె వాసన మధ్య పుస్తకం పట్టుకుని కూర్చుంటే, మధ్యాహ్నపు ఎండకు అలమారలో ఇత్తడి తూటాలు బంగారు మొగ్గల్లా మెరిసేవి (అవి దేనికి పనికొస్తాయో గుర్తు చేసుకోవడం నాకు ఇష్టముండేది కాదు).

అప్పుడే అటవీ శాఖకు కోస్తా వైపు నుంచి కొత్త రేంజరు వచ్చాడు. ఆఫీసు తుపాకుల మరమ్మతు మాకు ఇవ్వాలా వద్దా అని చూడవచ్చి, ఒక తూటాల డబ్బా చేతిలోకి తీసుకున్నాడట. "దీనిమీద మాగ్నం అని ఉందే! ఏముంటే మాగ్నం అంటారండీ?"

'తెల్వది' అన్న మాట చిన్నాయన నోట నేనెన్నడూ వినలేదు. "గిది సూడుండ్రి, అడుగున పట్టీ ఉన్నది గదా. పట్టీ ఉంటే మాగ్నం, లేకుంటే మామూలు" అన్నాడు.

"పట్టీ లేని మాగ్నాలు కూడా చూశానండీ" అన్నాడు రేంజరు మెత్తగా.

"ఎల్లుండి రాండ్రి సారూ, పూరా సమజయ్యేటట్టు చెప్త."

ఆయన వెళ్లగానే చిన్నాయన లోపలికొచ్చాడు. "బిడ్డా, గీ పని చేయిజారితే దుకాణం మూసుకునుడే. నీకు ఇంగిలీషొస్తది, జర సూడు" అంటూ తూటాల కేటలాగు నా ఒళ్లో పెట్టాడు. రెండు రోజులు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. తేలిందేమిటంటే, మాగ్నానికి ఖచ్చితమైన కొలతంటూ లేదు. అదే మందం గుండును పేల్చే మామూలు తూటాకంటే ఇత్తడి గొట్టం పెద్దదై, మందు ఎక్కువ పట్టి, గుండు ఎక్కువ వేగంగా పోతే ఆ పేరు పెడతారు. అదీ తయారుచేసినవాడికి పెట్టాలనిపిస్తేనే. పట్టీ కేవలం తూటా తుపాకిలో సరిగ్గా కూర్చోవడానికి. (ఏ తూటా అయినా ఒంటరిగా మాగ్నం కాలేదు, పోల్చడానికి పక్కన ఇంకొకటి ఉండాలి అన్న సంగతి నన్ను ఒక సాయంత్రమంతా ఎక్కడెక్కడో తిప్పింది.) చిన్నాయనకు రెండు కూజాలు చూపించి, "మూతి ఒక్కటే చిన్నాయినా, కడుపే పెద్దది" అని బట్టీ పట్టించాను.

రేంజరు వచ్చే వేళకు, "మర్చిపోతే అందియ్యి" అని నన్ను పరదా వెనక నిలబెట్టాడు.

"సారూ, మాగ్నం అంటే... కడుపు ఒక్కటే, మూతి పెద్దగుంటది."

"మూతి కాదు!" అన్నాను గుసగుసగా.

"మూతి కాదు. అసలు మూతే ఉండది" అన్నాడు చిన్నాయన. నా పక్కనున్న చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మరి గుండు ఎటు నుంచి పోతుందండీ?"

అందియ్యమన్నట్టు చిన్నాయన గట్టిగా దగ్గాడు. నాకేమైందో తెలియదు, పరదాను రెండు చేతులా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, గొట్టం, మందు, వేగం, పట్టీ అన్నీ ఒక్క ఊపిరిలో అప్పజెప్పేశాను. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి విన్నారట.

"ఎవరండీ లోపల?"

"మా అన్న బిడ్డ సారూ. గింత గొంతున్నదని మాకు ఇయ్యాలనే ఎరుకైంది."

రేంజరు నవ్వాడు. "మా తుపాకులు రేపే పంపిస్తాను" అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, పరదా వైపు తిరిగాడు కాబోలు, "చాలా బాగా చెప్పారు. నమస్కారమండీ" అన్నాడు. నేనూ ఇవతల చేతులు జోడించాను. అది ఆయనకు ఎలా తెలుస్తుంది!

ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాశాను, రెండు తూటా గురించి, ఒకటి ఆయన గొంతు గురించి. ముఖం గురించి రాయడానికి ఏమీ లేదు, చూస్తే కదా! ఆరు నెలలకు ఆయనకు బదిలీ అయింది. ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తుంటే ఆ పిల్లమీద కోపం రాదు, నవ్వొస్తుంది. వీధివీధంతా వినేలా మాట్లాడినదానివి, ఆ పరదాను రెండు వేళ్లంత పక్కకు జరపలేకపోయావా తల్లీ!