మెలి విప్పిన తీగ

తుంటి ఎముక విరిగి అమ్మ వెనక గదిలో మంచం పట్టిన ఏడాది అది. అంతకుముందు శ్రీరామనవమికి భద్రాచలం పోకుండా ఉన్నది లేదు. ఈసారి టీవీలోనైనా కల్యాణం చూస్తానంది. డిష్ పెట్టె ముందు గదిలో ఉంది, దాని తీగ అంతవరకే వస్తుంది. అక్కడి బొమ్మను వెనక గదిలోని చిన్న టీవీకి పంపాలి.

నేను లావు టీవీ వైరు తెద్దామన్నాను. నా భార్య తన తమ్ముణ్ణి అడిగింది. అతను అశ్వారావుపేటలో కంప్యూటర్లకు వైర్లు గుంజే పని చేస్తాడు. సన్నటి నీలం వైరు చుట్ట, దాని రెండు కొసలకు తగిలించే రెండు చిన్న డబ్బాలు పట్టుకుని వచ్చాడు.

"బావా, గీ ఒక్క వైరులనే బొమ్మ, రెండు దిక్కుల సౌండు పోతయి. లావుదైతే మూడు గుంజాలె."

నమ్మకం కుదరలేదు. అంత సన్నం దాంట్లో బొమ్మ ఎట్లా పోతుంది? ఎక్కడో పని అయ్యాక మిగిలిన ముక్క మాకు అంటగడుతున్నాడనిపించింది. అతనికి పని ఉండి వెళ్లిపోతే, బిగించడం నా వంతయింది.

కొస చెక్కి చూస్తే లోపల సన్న తీగలు జతలు జతలుగా మెలేసి ఉన్నాయి. నేను బొగ్గుబావిలో మందు పేల్చే మనిషిని. మందుగుండు తీగల కొసలు రెండూ మెలేసి ఉంచుతాం, పొరపాటున కూడా కరెంటు పారకుండా. మెలి విప్పితేనే తీగకు ప్రాణం. వీటికి రబ్బరు తొడుగు ఉందని కళ్లకు కనిపిస్తూనే ఉంది, చేతులు మాత్రం వినలేదు. పై తోలు ఒలిచి, రెండు బారల పొడవునా మెలికలన్నీ విప్పి, సాపు చేసి, ఫ్యాను వైరు పక్కనే గోడకు కొట్టాను. నీటుగా ఉందని మురిసిపోయాను కూడా.

టీవీ పెడితే బొమ్మ మీద అడ్డచారలు పాకుతున్నాయి. నా అనుమానం నిజమైందని ఒళ్లు మండింది. ఫోన్ చేసి, చెడిపోయిన వైరు తెచ్చిండని నోటికొచ్చినట్టు అన్నాను. పండుగనాడు వచ్చి చూస్తానన్నాడు.

నవమినాడు పొద్దున్నే బండి మీద వచ్చాడు. గోడ మీది తీగలు చూశాడు, నన్ను చూశాడు. నేను విప్పినదంతా కత్తిరించేసి, మిగులు చుట్టలోంచి వైరు లాగి, డబ్బా దాకా మెలి చెదరకుండా బిగించాడు. ఫ్యాను వైరుకు దూరంగా జరిపాడు. చారలు పోయాయి. ఈ వైరుకు మెలి ఉంటేనే పక్క వైరు కరెంటు బొమ్మను చెరపదని అప్పుడర్థమైంది. తలంబ్రాల వేళకు అమ్మ మంచంలోనే చేతులు జోడించి ఏడ్చింది.

నా భార్య తమ్ముడి మీద విరుచుకుపడింది. "గిసొంటి వైరెందుకు తెచ్చినవ్ రా? పండుగపూట మీ బావను పరేషాన్ చేసినవ్."

"నాదే తప్పక్కా," అన్నాడు అతను, నేను విప్పిన తీగల్ని ఉండచుట్టి సంచీలో వేసుకుంటూ. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మెలి విప్పింది నేనేనని ఆ క్షణంలో ఒక్క మాట అంటే చాలు. సిగ్గేసి చెప్పలేదు.

రెండేళ్లకు మేం ఇల్లు కట్టుకున్నాం. కరెంటు పనికి వేరే మనిషిని చూద్దామంది నా భార్య. తన తమ్మునికి పని మంచిగ రాదంది.

నేను సరేనన్నాను.