బాపు చదివిన హంతకుడి కథ

ఈ రోజు పొద్దున కోస్గిలోని మా ఇంట్లో దొరికిన నవల ప్రకారం, కిరాయి హత్యలు మానేసిన హీరో తన పాత శత్రువును కాల్చి చంపాడు. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన కథలో చంపలేదు.

కిరాయి పుస్తకాల దుకాణం, అట్ట మీద తుపాకి, తర్వాతి భాగం కోసం ఎదురుచూపు మీకూ గుర్తుండే ఉంటాయి. మా ఇంట్లో ఆ సీరీస్ బాపు, అంటే మా నాన్న, పైకి చదివేవాడు. చదువురాని అమ్మ, నేను పల్లీలు ఒలుస్తూ వినేవాళ్లం. బాపు చదివినప్పుడు హీరో శత్రువును కట్టేసి, నీళ్లు తాగించి వెళ్లిపోయాడు. పుస్తకం అదే, పేజీల మధ్య పల్లీ పొట్టు ఇంకా ఉంది. నీళ్ల మాట మాత్రం ఎక్కడా లేదు.

బాపు మార్చి చదివాడా? ఎందుకు? అడుగుదామంటే ఆయన ఇప్పుడు బతికి లేడు.

అమ్మ అట్ట చూసి గుర్తుపట్టింది. "గా నీళ్లు తాపిన కథనే గదరా? మీ బాపు చదువుతుంటే ఏడ్చిన. జర మల్ల చదువు."

"ఈ పుస్తకంల వేరే తీరుగున్నదే అమ్మా."

"పేపర్ల వార్తలు రాసేటోనివి, నీకు అన్నిట్ల అనుమానమే. ఉన్నది ఉన్నట్టు చదువు, మీ బాపు లెక్క."

రేపు అన్నాలు తిన్నాక అమ్మ పల్లీల గంప ముందు పెట్టుకుని కూర్చుంటుంది. నేను ఆ పేజీ చదవాలి.