బాల్కనీ కింద ఎర్ర గీత

పాలప్యాకెట్టును కూడా వెలుతురుకు పట్టి చూసి గానీ గిన్నెలో పోయనని మా ఆయన నన్ను ఎగతాళి చేస్తుంటారు. నిజమే, పోయను. చిక్కడపల్లిలో ముప్పై ఏళ్లు కాపురం చేశాక ఎవరికైనా ఆ మాత్రం చూపు వస్తుంది. కూరగాయల తూకం, ఆటో మీటరు, గ్యాస్ బండ సీలు, ఏదీ నేను ఊరికే నమ్మను. నమ్మి బాగుపడినవాళ్లను మా గల్లీలో ఒక్కరినీ చూడలేదు మరి.

ఈ చూపుకంతటికీ ఆధారం మా బాల్కనీ. మా మామగారు ఇల్లు కట్టించినప్పుడు, ఎవరడుగుతారులే అని, మొదటి అంతస్తు బాల్కనీని ప్లానులో ఉన్నదానికంటే రెండడుగులు ఎక్కువే గల్లీ మీదికి సాగదీశారు. అక్కడ కుర్చీ వేసుకుంటే ఎడమపక్క లైబ్రరీకి పోయే మలుపు, కుడిపక్క గల్లీ చివరి టిఫిన్ బండి, ఎదురుగా ఎదురింటివాళ్ల హాలు మొత్తం కనిపించేవి. పుస్తకాలు చంకలో పెట్టుకుని లైబ్రరీకి పోయే హాస్టల్ పిల్లల్లో ఎవరికి రిజల్ట్ వచ్చిందో, ఎవరికి రాలేదో వాళ్ల నడక చూసి చెప్పేదాన్ని.

కానీ ఆ బాల్కనీ మీద నా ప్రాణమంతా ఉన్నది అందుకు కాదు. వినాయక నిమజ్జనం రోజు మా గల్లీ విగ్రహం ట్రాలీ మీద ట్యాంక్‌బండ్‌కు బయలుదేరితే మా ఇంటి ముందు నుంచే పోవాలి. అలా వచ్చినప్పుడు స్వామి ముఖం సరిగ్గా నా ముఖం ఎత్తుకు వచ్చేది. డ్రైవరు బండి ఆపేవాడు. నేను చెయ్యి చాపి దండ వేసి హారతి ఇచ్చేదాన్ని. కింద నిలబడ్డవాళ్లందరూ మెడలు పైకెత్తి చూస్తుంటే, నేనొక్కదాన్నే స్వామి కళ్లలోకి నేరుగా చూసేదాన్ని. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి ఒక్కసారీ తప్పలేదు. ఒక ఏడాది విగ్రహం చెవి మా పిట్టగోడకు రాసుకుని కాస్త బంగారు రంగు అంటుకుంది. ఆ మరకను నేను ఎవరినీ కడగనివ్వలేదు. రోజూ దాని మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని.

మరుసటి ఎండాకాలం రోడ్డు వెడల్పు పుకారు బయలుదేరింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కూరగాయల దగ్గర ఒకావిడ అంది, నారాయణగూడ వైపు అయిపోయింది, ఇంక లోపలి గల్లీల వంతేనని. ఆ సాయంత్రం మా ఆయన వాకింగ్ నుంచి వస్తూ గల్లీలో నిలబడి, మా ఇంటివైపు పైకి చూస్తూ ఉండిపోయారు. నేను బాల్కనీలోంచి కేకేశాను.

"ఏంటండీ అలా చూస్తున్నారు?"

"నువ్వు కిందికి రా," అన్నారు.

దిగి చూస్తే బాల్కనీ అడుగుభాగాన, బయటి అంచు పొడవునా ఎర్ర రంగుతో గీత కొట్టి ఉంది. పక్కనే ఒక బాణం, బాణం పక్కన 11 అని అంకె. ఊళ్లో అందరి గోడలూ కనిపించే చోట కూర్చున్నాను గానీ నా బాల్కనీ అడుగు నాకు కనిపించదు కదా. ఆ గీత ఎప్పుడు పడిందో, ఎవరు వేశారో తెలిసే దారి లేదు.

పదకొండు అంటే ఏమిటని ఇద్దరం టేపు పట్టుకుని గల్లీలోకి దిగాం. గేటు నుంచి కొలిస్తే రాలేదు. ఎదురింటి గోడ నుంచి కొలిస్తే రాలేదు. చివరికి గల్లీ మధ్యలో మ్యాన్‌హోల్ మూత నుంచి కొలిస్తే మా ఇంటి గోడకు సరిగ్గా పదకొండు అడుగులు వచ్చింది. అంటే రోడ్డు మధ్య నుంచి పదకొండు అడుగులు వాళ్లవి. గోడ మిగులుతుంది, బాల్కనీ మొత్తం పోతుంది. లెక్క కుదిరింది. నాకు ఇంకేం కావాలి?

ఎదురింటి గోడ మీద మాత్రం ఏ గీతా లేదు. ఎదురింటాయన కాంట్రాక్టులు చేసి రిటైరైన మనిషి, నాలుగు ఆఫీసుల్లో తెలిసినవాళ్లున్నారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు గేటు దగ్గర పట్టుకుని అడిగేశాను.

"అన్నయ్యగారూ, మీ గోడకు గీత పడలేదేం?"

"ఏం గీత చెల్లెమ్మా? నాకేం ఎరుక లేదు," అన్నాడాయన. నేను చూపిస్తే కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. "గిదేందో సమజైతలేదు. ఆఫీసుల అడుగుదాం పద. నేను గూడ వస్త."

వస్తాడట! తనది దాటించుకుని మమ్మల్ని తీసుకెళ్లి అప్పగిస్తాడన్నమాట. పైగా మేము ఆఫీసుకు పోతే మొదట అడిగేది ప్లాను. ప్లానులో లేని రెండడుగుల సంగతి మా నోటితో మేమే చెప్పుకున్నట్టవుతుంది. మా ఆయన కూడా ఈ ఒక్క విషయంలో నాతో ఏకీభవించారు. అడగకూడదు. అడిగినవాళ్ల ఇల్లే ముందు కూలుతుందని ఇద్దరికీ గట్టి నమ్మకం.

అప్పుడే నాకు జేసీబీ భయం పట్టుకుంది. బాల్కనీ పోతే పోయింది, జేసీబీవాడు గబుక్కున లాగితే దానితోపాటు ముందుగది స్లాబు చీలిపోతే? పాత ఇల్లు. రాత్రీ పగలూ అదే ఆలోచన. వాళ్లు వచ్చేలోపే మనమే శుభ్రంగా కోయించేసుకుందాం అన్నాను. నా నోటితో నేనే అన్నాను. అన్నాక లోపలికి వెళ్లి ఏడ్చాను.

అశోక్ నగర్‌లో ఒక పాత ఇంటిని హాస్టల్‌గా మారుస్తూ గోడల్లో తలుపులకు దారులు కోస్తున్నారని మా ఆయన విని, ఆ మిషన్ అతన్ని పిలుచుకొచ్చారు. సమ్మెట దెబ్బ ఒక్కటి ఉండదట. వజ్రపు పొడి అతికిన బ్లేడు, దాని మీద నీళ్లు పడుతూ ఉంటాయి, కాంక్రీటూ అందులోని ఇనుమూ రెండూ తెగిపోతాయట. వినడానికి బాగానే ఉంది. అందుకే నాకు అనుమానం వచ్చింది.

గీత నేనే గీశాను, గోడ అంచుకు ఆనించి, స్కేలు పెట్టి, పెన్సిల్‌తో. వాడు ఒక అంగుళం ఇంట్లోకి జరిపితే?

"గీత మీరే గీసిన్రు కదమ్మా," అన్నాడతను నవ్వి. "బ్లేడు దాని మీదికెళ్లే పోతది. జర పక్కకు జరుగుండ్రి, నీళ్లు చిందుతయి."

బాల్కనీ కింద ఇనుప జాకీలు నిలబెట్టారు. స్లాబు మీద రైలుపట్టా లాంటి ఇనుప పట్టీ బిగించి దాని మీద మిషన్ ఎక్కించారు. నేను లోపలికి పోయి కిటికీ గట్టు మీద గ్లాసు నిండా నీళ్లు పోసి పెట్టాను. ఇల్లు అదిరితే నాకు తెలియాలి. ఆ చప్పుడుకు పక్క హాస్టల్ పిల్లలు కిటికీలు మూసుకున్నారు, ఎదురింటాయన గుమ్మంలోకి వచ్చి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. గోధుమపిండి జావ లాంటి నీళ్లు గోడ వెంబడి కారి గల్లీలోకి పోయాయి. నేను గ్లాసునే చూస్తూ కూర్చున్నాను. నీటి మీద సన్నగా వణుకు తప్ప ఒక్క చుక్క ఒలకలేదు. నిజం చెప్పాలంటే నాకు కాస్త నిరాశగా కూడా అనిపించింది, తిట్టడానికి ఏమీ దొరకనందుకు.

స్లాబును ముక్కలుగా కోసి, గొలుసుతో కట్టి ఒక్కొక్కటే కిందికి దించారు. టిఫిన్ బండి అతను, ముప్పై ఏళ్లుంటాయేమో, గల్లీలో ప్రతి పనికీ ముందుండే మనిషి, పని మధ్యలో వచ్చి నిలబడ్డాడు.

"మొత్తం తీసేపిస్తున్నరా ఆంటీ? మంచి పని చేసిన్రు. ఇగ ఎవరికీ పరేషాన్ ఉండది," అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

నా బాల్కనీ పోతుంటే వీడికి అంత సంతోషమేమిటి? రోడ్డు వెడల్పయితే బండి పెద్దది పెట్టుకుందామని చూస్తున్నాడు, ఆఫీసువాళ్లకు మా ఇల్లు చూపించింది వీడేనేమో అని నాకు అప్పటికప్పుడు రూఢి అయిపోయింది. మొహం తిప్పుకున్నాను.

సాయంత్రానికి గోడ ముఖం కత్తితో కోసిన కోవాలా నున్నగా మిగిలింది. తెగిన ఊచల చివరలు వరుసగా మెరుస్తున్నాయి. ఎక్కడా పగులు లేదు. మా ఆయన గోడను చేత్తో తడిమి, "ఇంత బాగా కోస్తాడనుకోలేదే," అన్నారు. నేను పిట్టగోడ ముక్కల కోసం చూశాను. బంగారు రంగు అంటిన ముక్క అప్పటికే మిగతా వాటి కింద పడి ట్రక్కులో వెళ్లిపోయింది.

బాల్కనీ తలుపు ఇప్పుడు గాల్లోకి తెరుచుకుంటోంది కదా, సగం దాకా గోడ కట్టించి పైన కిటికీ పెట్టించాం. వెల్డింగ్ అతను మామూలు గ్రిల్లు చూపిస్తే నేను వద్దన్నాను. ఇంతింత సందులా? ఎవడైనా చెయ్యి పెట్టి గడియ తీస్తాడు. పిల్లిపిల్ల కూడా దూరకూడదని చెప్పి ఊచలు దగ్గరదగ్గరగా పెట్టించాను. బాగా కట్టుదిట్టంగా చేశాడు.

వానలు మొదలయ్యాయి. జేసీబీ రాలేదు. గీతలు కొట్టేవాళ్లూ రాలేదు. పుకారు కూడా ఎక్కడికి పోయిందో పోయింది. మనం ముందే తీసేశామని తెలిసి ఊరుకున్నారన్నాను మా ఆయనతో.

చవితి ముందు రోజు టిఫిన్ బండి అతను చందా పుస్తకం లేకుండా, మిఠాయి డబ్బాతో వచ్చాడు. నాకు డబ్బా మీదే అనుమానం. చేతులు వెనక పెట్టుకున్నాను.

"తీస్కోండ్రి ఆంటీ. మా మండపం పోరగాళ్లందరి తరపున. మీరు గణపతి కోసం బాల్కనీ తీసేపిచ్చిన్రని గల్లీ గల్లీ చెప్పుకుంటున్నరు. మీ అసొంటోళ్లు ఉండరు."

"ఏమిటి నువ్వనేది?"

"పోయినసారి సామి చెవు తాకింది కద, మీ గోడకు. డ్రైవర్‌కు తెలువాలని నిమజ్జనం అయినంక మేమే కింద ఎర్ర పెయింట్ కొట్టినం. భూమి నుంచి బాల్కనీ దాంక పదకొండు అడుగులు, అది గూడ రాసినం. మీరు చూసి ఏకంగా తీసేపిచ్చిన్రు!" అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఈసారి ఇంకో నాలుగడుగులు పెద్ద విగ్రహం చెప్పినం ఆంటీ. ఇగ అడ్డమే లేదు."

మా ఆయన నావైపు చూశారు. నేను డబ్బా తీసుకున్నాను. ఇంకేం చెయ్యను? ఎదురింటాయన్ని అనుమానించాను, ఈ పిల్లవాణ్ణి అనుమానించాను, మిషన్‌ను, దాని బ్లేడును, చివరికి గ్లాసులో నీళ్లను కూడా కాపలా పెట్టాను. ఆ గీత మీద మాత్రం నాకు రవ్వంత అనుమానం రాలేదు. దాన్ని గుడ్డిగా నమ్మేశాను. మండపం దాకా పోయి ఒక్క మాట అడిగితే సరిపోయేది.

నిమజ్జనం రోజు సాయంత్రం పళ్లెంలో పసుపు, కుంకుమ, కర్పూరం సర్దుకుని, దండ చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. డప్పులు దగ్గరయ్యాయి. కర్రలతో తీగలు పైకెత్తుతూ కుర్రాళ్లు ముందొచ్చారు. టిఫిన్ బండి అతను ట్రాలీ ముందుకు పరిగెత్తి, "ఆపు ఆపు! ఆంటీ హారతియ్యాలె!" అని అరిచాడు. బండి మా ఇంటి ముందు ఆగింది. గల్లీ అంతా నావైపు చూసింది.

కిటికీలోంచి నాకు తొండం కొస, లడ్డూ పట్టుకున్న చెయ్యి కనిపించాయి. ముఖం పైన ఎక్కడో ఉంది. గ్రిల్లుకు చెంప ఆనించి చూసినా కళ్లు కనిపించలేదు. దండ ఊచల మధ్య నుంచి దూర్చబోతే పూలు రాలిపోయాయి. పళ్లెం అసలు పట్టనే లేదు.

"కిందికి పోదాం పదవే," అన్నారు మా ఆయన నెమ్మదిగా. కిందికి పోతే నాకూ పాదాలే కదా కనిపించేది. నాకు ఏడుపు ఆగలేదు. కర్పూరం వెలిగించి కిటికీ లోపలే నిలబడి హారతి తిప్పాను. కింద అందరూ జై కొట్టారు. ట్రాలీ కదిలింది. మా గోడకు ఎక్కడా తగల్లేదు.