వదిన ఎందుకు కూర్చోలేదు

మా వదిన పోయిందని జనగామ నుంచి ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి మా అన్న అరుగు మీద కుర్చీ వేసుకుని, పలకరించడానికి వచ్చినవాళ్లకు చెబుతున్నాడు. "దేవతసొంటిది. ఎవరింటికి పోయినా కూసోకపోయేది. గంత మర్యాద."

అందరూ తలలూపారు. నేను ఊపలేదు. జీవితమంతా పుస్తకాలు చదివాను గాని, ఇంత నున్నటి అబద్ధం వాటిలోనూ తక్కువే చూశాను. ఆమె ఎందుకు కూర్చోలేదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మీకు నేను చెబుతాను.

తొలి కాన్పులో బిడ్డ తల ఇరుక్కుపోయింది. మంత్రసాని "నాతోని కాదు, దవాఖానకు తీస్కపోండ్రి" అని మొత్తుకుంది. "దుర్ముహూర్తం పోనియ్యి" అన్నాడు అన్న. అది పోయాక వర్జ్యం అన్నాడు. జీపు కదిలేసరికి పొద్దుగూకింది. వరంగల్లులో చనిపోయిన బిడ్డను తీశారు. తల అంతసేపు ఒత్తుకుని ఉండడంతో వదిన మూత్రాశయానికి చిల్లు పడింది. ఆనాటి నుంచి ఆమెకు మూత్రం ఆగలేదు. మా ఇంట్లో దానికి శాపం అని పేరు పెట్టారు. ఆమెను పెరటి గదిలోకి పంపి, అన్నకు మరో పెళ్లి చేశారు.

పేరంటాల్లో వదిన గోడ పక్కన నిలబడేది. "కూసో అక్కా" అంటే, "నడుము నొప్పి, కూసుంటే లేవరాదు" అని నవ్వేది. నేను వెళితే మాత్రం పెరట్లో బండ మీద కూర్చునేది. "బండనైతే కడగొచ్చు మరిదీ. మనుషుల నోర్లు కడగరాదు."

ఆమె తల నెరిశాక, దీనికి ఆపరేషన్ ఉందని ఏదో పత్రికలో చదివాను. "ముసల్దానికి ఇప్పుడెందుకురా?" అన్నాడు అన్న. వినకుండా మహబూబాబాద్ తీసుకుపోయాను. డాక్టరమ్మ చూసి, "శాపం కాదమ్మా, చిల్లు. కుట్టొచ్చు" అంది. వదిన "గిన్నేండ్లు గీ ముచ్చట ఎవ్వలు చెప్పకపోతిరి" అంది.

కుట్లు మానాక నర్మెట్టలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. వదిన ముందు వరుసలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అన్న గబగబా వచ్చి, "గీడ కూసున్నవేంది? లే, లోపలికి నడువ్" అన్నాడు.

వదిన అతని వైపు చూడనైనా లేదు. "దుర్ముహూర్తం పోనియ్యి, లేస్త."

తలంబ్రాలు అయ్యేదాకా కదలలేదు. అప్పుడు లేచి, వెనక్కి తిరిగి, కుర్చీని అరచేత్తో తడిమింది. పొడిగా ఉంది. నమ్మకం కుదరనట్టు మళ్లీ ఒకసారి తడిమింది.