మా ఆయన కుడి మోకాలు

మొన్న బలిఘట్టం నుంచి మా చెల్లెలి అల్లుడు ఫోన్ చేశాడు. ఈమధ్యనే పట్టాళం నుంచి రిటైరై వచ్చాడు, నడుంనొప్పికి విశాఖలో ఏ ఆస్పత్రికి వెళ్ళమంటారు అత్తయ్యగారూ అని అడిగాడు. మాజీ సైనికుల వైద్యం కార్డు ఇద్దరిదీ ఒకటే కాబట్టి, మేం ఏ ఆస్పత్రి పేరు చెబితే అక్కడ బాగానే చూస్తారని అతని ధీమా. ఉద్యోగమంతా పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, ఆ చిన్న ప్రశ్నకి జవాబు తోచక, కనుక్కుని చెబుతాను బాబూ అని పెట్టేశాను. ఎవర్ని అడగను? వరండాలో కుడికాలు స్టూలు మీద చాపుకుని పేపరు చదువుతున్న మా ఆయన్నా?

ఆయన హవల్దారుగా రిటైరై వచ్చేనాటికి నేను నర్సీపట్నం హైస్కూల్లో టీచర్ని. మీలో నాలాగే పట్టాళం మనిషిని కట్టుకున్నవాళ్ళుంటే తెలిసే ఉంటుంది, వాళ్ళు ఇంటికొచ్చి ఎన్నేళ్ళయినా డ్యూటీ దిగరు. దుప్పటి అంచులు కలిసేలా మడతపెట్టాలి, బస్సు ఎప్పుడున్నా గంట ముందే కాంప్లెక్సులో నిలబడాలి, కూరలో ఉప్పు లేకపోయినా బాగుందనాలి. ఈ చివరిది నాకు సుఖంగానే ఉండేది, కాదనను.

మంచు కొండలెక్కి దిగిన ఆ మోకాళ్ళు అరవై దాటాక రెండూ మొరాయించాయి. ముందు ఎడమది మార్పించాం. విశాఖలో మాజీ సైనికుల క్లినిక్‌లో చీటీ రాయించుకుని కార్డు చూపిస్తే, ఒక ప్రైవేటు ఆస్పత్రివాళ్ళు పైసా అడక్కుండా చేశారు. కొన్నాళ్ళకి చూపించుకోవడానికి వెళితే, క్లినిక్‌లో రిటైరైన మిలటరీ డాక్టరుగారొకాయన, బుర్రమీసాల పెద్దమనిషి, ఉన్నారు. ఆయన నొప్పి ఉందా అని అడగనే లేదు. అడిగితే ఈ పట్టాళం జాతి ఏం చెబుతుందో ఆయనకి బాగా తెలుసు. గుమ్మం దగ్గర మెట్టు ఎక్కి దిగమని చెప్పి, తాను మోకాలి వంక కాకుండా మా ఆయన మొహం వంకే చూస్తూ కూర్చున్నారు. దిగేటప్పుడు దవడ బిగిసింది. అంతే, లోపల చీము పడుతున్నట్టుందని ఆ పూటే ఆస్పత్రికి తిప్పి పంపి, కడిగించి, నయమయ్యేదాకా వెంటపడ్డారు. ఆ కాలు ఈనాటికీ చక్కగా ముడుచుకుంటుంది.

కుడిది మార్పించేనాటికి ఆ డాక్టరుగారు ఉద్యోగం మానేసి ఊరు వెళ్ళిపోయారట. ఆస్పత్రి అదే, కార్డు అదే, వార్డు కూడా అదే. ఆపరేషన్ అయ్యాక ఈసారి క్లినిక్‌లో చూసింది కుర్ర డాక్టరు. అతన్ని చెడ్డవాడని ఎలా అంటాను, కుర్చీ తనే జరిపి, ఎలా ఉందండీ తాతగారూ అని ఎంతో మర్యాదగా అడిగాడు. మా ఆయన కూర్చున్నచోటే వెన్ను నిటారు చేసి ఫస్ట్ క్లాస్ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో అడుగు వేస్తే పళ్ళు కొరుకుతున్నారు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, మోకాలు ఎర్రగా కందిపోతోంది అని నేనే గడగడా చెప్పేశాను. డాక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"మా ఆవిడికి కంగారెక్కువండి బాబూ. నాకేటీ లేదు," అన్నారు మా ఆయన.

డాక్టరు నవ్వి, పైన కుట్లు ఆరిపోయాయి కదమ్మా అని నాకు ధైర్యం చెప్పి, బయట టోకెన్లు పట్టుకున్నవాళ్ళు గొడవ చేస్తుంటే మాత్రలు రాసి పంపేశాడు. నెల తిరక్కుండా చీము బయటపడింది. మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ కోతలు. ప్రాణానికి ఫర్వాలేదన్నారు గానీ కీలు కర్రలా బిగిసిపోయింది.

తప్పు ఆ డాక్టరుదే అందామంటే, అదే వారం మోకాలు మార్పించుకుని అదే డాక్టరుకి చూపించుకున్న రావికమతం సుబేదారుగారు హాయిగా సైకిలు తొక్కుతున్నారు. ఆస్పత్రిది అందామంటే ఎడమకాలు బాగుచేసిందీ వాళ్ళే. మా ఆయనదే అందామా అంటే, నొప్పి అని నోరు తెరవడం నామోషీ అని వయసులో ఉన్నప్పుడే పట్టాళంలో నూరిపోశారాయె. రోగి చెప్పింది నమ్మడం డాక్టరు తప్పు ఎలా అవుతుంది? నమ్మకుండా మొహంలోకి చూసే తీరిక ఎందరికి ఉంటుంది? బోర్డు మీద ఎంతెంత లెక్కలో చేసి చూపించాను గానీ, ఇది మాత్రం ఎటునుంచి కూడినా నాకు కలవదు.

కిందటి నెల మళ్ళీ ఆ క్లినిక్‌కే వెళ్ళాం, ఇంకోసారి ఆపరేషన్ చేస్తే కాలు వంగుతుందేమోనన్న ఆశతో. ఇప్పుడు మరో డాక్టరు, నా పాత విద్యార్థుల ఈడు అమ్మాయి. కంప్యూటరు వంక చూస్తూనే నొప్పి ఉందా అని అడిగింది. నేను చెప్పబోయి ఊరుకున్నాను. మా ఆయన కుడి మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు.

"ఉందమ్మా. సానా నొప్పుంది," అన్నారు.

కాపురానికొచ్చాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ అమ్మాయి లేచి వచ్చి, కాలు నెమ్మదిగా పట్టి చూసి, గుండె పరీక్ష కాగితాలు తిరగేసి, మీ గుండె బలహీనంగా ఉంది, ఇంకో ఆపరేషన్ తట్టుకోలేరు, దీన్ని ఇలాగే అలవాటు చేసుకోవాలి తాతగారూ అంది. ఆయన సరేనమ్మా అని నమస్కారం పెట్టి లేచారు.

వెనకటికి చెప్పకపోయినా కనిపెట్టే పెద్దమనిషి ఒకరుండేవారు. ఇప్పుడు ఎవరికి వారే చెప్పుకోవాలి, ఆ సంగతి మాలాంటివాళ్ళకి తెలిసేసరికి పొద్దుపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు అనకాపల్లి దాటాక ఆయన కిటికీ అద్దం మూశారు. తర్వాత నా వైపు తిరిగి, సెప్పకపోయినా సరిపోయేది గదా అని మెల్లగా అన్నారు. అలా కాదని ఆయనకి చెప్పాలనే ఉంది, ఎందుకు కాదో నాకు తెలియలేదు.